కంపన వేదికయు కంప్యూటరును

భూకంపములు హిమాలయ ప్రాంతములకే పరిమితమని మనలో పలువురు తలచుట కద్దు. కాని 1969లో భద్రాచలము, 1983లో మేడ్చల్, 1993లో పొరుగుననున్న లాతూరు కంపించినవి. 2024 డిసెంబరు 4న ములుగు ప్రాంతమున వచ్చిన భూకంపము హైదరాబాదులోను తెలిసినది. కనుక భవనముల బలమును ముందుగా పరీక్షించుట ఎట్లన్న ప్రశ్న మనకును వర్తించును.

బల్కంపేట వీధులలో నడచినచో, క్రింది భాగమును వాహనములకు విడిచి స్తంభములపై నాలుగైదు అంతస్తులు లేపిన భవనములు కనిపించును. పైన ఇటుక గోడలుండుటచే ఆ భాగము బిగువుగా నుండును. భూమి ఊగినపుడు వంగుట యంతయు దాదాపు క్రింది స్తంభములలోనే జరుగును. 2001 నాటి భుజ్ భూకంపమున, 200 కిలోమీటర్లకు పైగా దూరమందున్న అహ్మదాబాదులో ఇట్టి భవనములు కూలి ప్రాణనష్టము కలిగినది.

పరీక్షకు మొదటి మార్గము షేక్ టేబుల్, అనగా కంపన వేదిక. దానిపై నమూనాను నిలిపి, హైడ్రాలిక్ జాకీలతో భూకంపమువలె ఊపుదురు. జపానులోని మికి నగరమున 2005లో ప్రారంభమైన ఇ-డిఫెన్స్ వేదిక 20 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు కలిగి, 1200 టన్నుల భవనమును మోయగలదు. అంతటి వేదికలు అరుదు. నమూనాను నాలుగవ వంతునకు కుదించినచో బరువు 64వ వంతగును. స్తంభపు అడ్డుకోత వైశాల్యము మాత్రము 16వ వంతగును. అందుచే ఒత్తిడి నాలుగవ వంతే పడును. అదనపు బరువులు చేర్చక పరీక్షించినచో, నమూనా నిలిచినను భవనము నిలుచునని చెప్పజాలము.

రెండవ మార్గము కంప్యూటరు గణన. దానికి పరిమాణము అడ్డు కాదు. కాని కాంక్రీటు పగిలి కడ్డీలు సాగు దశలో లెక్క అంచనాలపై ఆధారపడును.

ఈ రెండు లోపములను పూరించునదే మిశ్రమ పరీక్ష. సందేహాస్పదమైన స్తంభములను నిజముగా నిర్మించి వేదికపై నిలుపుదురు. పై అంతస్తులు కంప్యూటరులో నుండును. స్తంభముల ప్రతిఘటనను కొలిచి కంప్యూటరునకు అందించగా, పై అంతస్తులు తరువాతి క్షణమున ఎంత కదలునో అది లెక్కించును. స్తంభముల తలలను జాకీ అంతమేర నెట్టును. ఈ సంభాషణ సెకనుకు వందల పర్యాయములు జరుగవలెను. జాకీ కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యమైనను, ఊయలను ప్రతి ఊపునకు కొంచెము నెట్టినట్లు, లేని శక్తి చేరి ఫలితము తప్పగును. కావున ఆ ఆలస్యమును ముందే అంచనా వేసి సవరింతురు.

గోడలు లేని అంతస్తు స్తంభములను లెక్కకు వచ్చిన బలములకు రెండున్నర రెట్లకు తట్టుకొనునట్లు నిర్మింపవలెనని 2002 నాటి భారత ప్రమాణము ఐఎస్ 1893 సూచించినది. అంతకు పూర్వము కట్టిన భవనముల మాటేమి? స్తంభముల నడుమ కొన్ని గోడలు చేర్చిన చాలునా? ఇట్టి ప్రశ్నలకు మిశ్రమ పరీక్ష ఆధారము చూపగలదు. గచ్చిబౌలి ఐఐఐటీలో భూకంప ఇంజనీరింగు పరిశోధన కేంద్రము కలదు. మన విద్యార్థులు గణితమును, యంత్రశాస్త్రమును శ్రద్ధతో అభ్యసించి ఈ రంగమున ప్రవేశించినచో, మన ఇరుగుపొరుగు ఇండ్లకే మేలు కలుగును.