పది లక్షల పరిమితి, పల్లె వైద్యం

సంగారెడ్డి జిల్లాలో కర్ణాటక, మహారాష్ట్ర సరిహద్దులకు చేరువగా ఉన్న కంగ్టి నుంచి హైదరాబాద్‌లోని పెద్దాసుపత్రికి వెళ్లాలంటే వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించాలి కనుక, వైద్య సంస్కరణల లాభనష్టాలను ఈ మండలం వైపు నుంచి బేరీజు వేయడం అవసరం.

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం గుండె, మూత్రపిండాల జబ్బులు, క్యాన్సర్ వంటి వాటికి ఖరీదైన చికిత్సలను తెల్ల రేషన్‌కార్డు ఉన్న పేద కుటుంబాలకు అందుబాటులోకి తెచ్చి, ఆస్తులు అమ్ముకోవలసిన దుస్థితి నుంచి ఎందరినో కాపాడింది. తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో కుటుంబానికి ఏటా ఇచ్చే చికిత్స ఖర్చు పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచింది.

ఈ పథకంలో ప్రతి చికిత్సకు ప్రభుత్వం ముందుగానే ఒక ధర నిర్ణయిస్తుంది. దీనినే ప్యాకేజీ అంటారు. ఆ ధర తక్కువైనా, చెల్లింపులు ఆలస్యమైనా ప్రైవేటు ఆసుపత్రులు వెనుకాడతాయి. బకాయిలు పేరుకుపోయాయంటూ 2025లో తెలంగాణలో అవి ఆరోగ్యశ్రీ సేవలు నిలిపివేసినప్పుడు ఇబ్బంది పడ్డది రోగులే. మరోవైపు, ధర ఆకర్షణీయంగా ఉంటే అవసరం లేని ఆపరేషన్లు పెరిగే ప్రమాదం ఉంది. పల్లె మహిళలకు విచ్చలవిడిగా గర్భసంచి తొలగిస్తున్నారన్న ఆరోపణలు రావడంతో, ఉమ్మడి రాష్ట్రంలో ఆ శస్త్రచికిత్సను ఆరోగ్యశ్రీ కింద ప్రభుత్వాసుపత్రులకే పరిమితం చేయవలసి వచ్చింది.

పైగా ఈ పథకం ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవారి కోసమే. బీపీ, షుగర్ ఉన్న రైతుకూలీకి కావలసింది నెలనెలా మాత్రలు, క్రమం తప్పని పరీక్షలు. అవి ఊరి దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దొరకకపోతే, కూలి పోగొట్టుకుని, బస్సు చార్జీలు పెట్టుకుని నారాయణఖేడ్ పట్టణానికి వెళ్లాలి. అలా వెళ్లలేక మందులు మానేస్తే, కొన్నేళ్లకు అదే జబ్బు డయాలసిస్‌కు దారితీసి, ప్రభుత్వ ఖర్చును కూడా అనేక రెట్లు పెంచుతుంది.

అందుకే 2017 జాతీయ ఆరోగ్య విధానం, ఆరోగ్యంపై ప్రభుత్వ వ్యయాన్ని 2025 నాటికి స్థూల దేశీయోత్పత్తిలో 2.5 శాతానికి పెంచాలని, నిధుల్లో మూడింట రెండు వంతులు ప్రాథమిక వైద్యానికి కేటాయించాలని చెప్పింది. అయితే బడ్జెట్ పరిమితమైనా, నేడు గుండె ఆపరేషన్ అవసరమైన రోగిని కాదనడం ఏ ప్రభుత్వానికీ తగదు. జబ్బుల నివారణ మీద పెట్టిన ఖర్చుకు మాత్రం ఫలితం వెంటనే కనబడదు గనుక, అది వెనక్కి నెట్టబడే ప్రమాదం ఉంది. కాబట్టి పరిమితి పెంచిన ప్రతిసారీ, ఆరోగ్య కేంద్రాల్లో డాక్టర్లు, నర్సులు, మందులు, పరీక్షల కోసం కూడా అదనపు నిధులు విడిగా కేటాయించి తీరాలి. లేకపోతే కంగ్టి వంటి మండలాలకు సంస్కరణ ఫలం జబ్బు ముదిరాకే అందుతుంది.