ఒక డిగ్రీ తప్పితే 41 సెంటీమీటర్లు

టెన్నిస్ కోర్టు పొడవు 23.77 మీటర్లు. ఈ బేస్‌లైన్ మీద నుంచి కొట్టిన బంతి దారి ఒక్క డిగ్రీ తప్పిందంటే, అవతలి బేస్‌లైన్ చేరేసరికి 41 సెంటీమీటర్లు పక్కకి పోతుంది. రెండు డిగ్రీలైతే 83. గీతకి అరమీటరు లోపల గురిపెట్టిన బంతి అవుటవడానికి డిగ్రీన్నర చాలు. పైగా బంతి తీగల మీద ఉండేది సెకనులో సుమారు 200వ వంతు. తప్పు దిద్దుకునే వ్యవధి చేతికి ఉండదు. ఆ కాసేపట్లో రాకెట్ ముఖం ఎంత తిరగకుండా నిలబడుతుంది, తీగలు బంతిని ప్రతిసారీ ఒకేలా వదులుతాయా లేదా అన్నదే కంట్రోల్.

నెల్లూరు తీరంలోని కోట లాంటి ఊళ్లో ఈ లెక్కలు మరింత అవసరం. కోట బజారు కుర్రాడైనా, ఇదే మండలంలో 1979 నుంచీ ఇంజినీరింగ్ కాలేజీ ఉన్న విద్యానగర్ హాస్టల్ కుర్రాడైనా, నాలుగు రాకెట్లు తెప్పించుకుని తలా ఒక గంట ఆడిచూడటం కష్టం. పెద్ద దుకాణాల కోసం చెన్నై వెళ్లాలంటే గూడూరు నుంచే రైలు దారి 138 కిలోమీటర్లు. అందుకే చాలామంది ఫోన్‌లో ఆర్డర్ పెట్టేస్తారు. అలా కొనేటప్పుడు ఫ్రేమ్ లోపలి వైపు అచ్చేసిన అంకెలే దిక్కు. వాటిని చదవడం రావాలి.

ముందు అందరూ చూసేది తల సైజు. 98 చదరపు అంగుళాలైతే కంట్రోల్, 100 అయితే పవర్ అని గట్టిగా వాదించేవాళ్లున్నారు. లెక్క వేసి చూద్దాం. విస్తీర్ణంలో తేడా 2 శాతమే. అంటే వెడల్పులో 1 శాతం. పాతిక సెంటీమీటర్ల వెడల్పున్న తలలో అది అటు ఒక మిల్లీమీటరు, ఇటు ఒక మిల్లీమీటరు. ఆ మిల్లీమీటరు ఎవరి ఆటనీ మార్చదు. ఫెదరర్ 90 సైజుతో 17 గ్రాండ్‌స్లామ్‌లు గెలిచి కూడా 2014లో 97కి మారాడు, ఆ తర్వాత మరో మూడు గెలిచాడు. నేర్చుకుంటున్నవాళ్లు 97 కన్నా కిందికి వెళ్లాల్సిన పని నాకైతే కనిపించదు.

అసలు తేడా బరువు, దళసరి, గట్టితనాల్లో ఉంది. బాబొలాట్ ప్యూర్ డ్రైవ్ ఫ్రేమ్ అంచు దళసరి 23 నుంచి 26 మిల్లీమీటర్లు. విల్సన్ బ్లేడ్ 98ది 21 మాత్రమే. సన్నటి ఫ్రేమ్ దెబ్బకి కాస్త వంగుతుంది, ఆ వంగడంలో కొంత శక్తి పోతుంది. బంతి తక్కువ వేగంతో వెళ్తుంది కనుక నిండుగా స్వింగ్ చేసినా గీత దాటదు. ఈ గట్టితనాన్ని ఆర్ఏ అనే అంకెతో కొలుస్తారు. 70 దగ్గరుంటే చాలా గట్టి ఫ్రేమ్, 60 దగ్గరుంటే మెత్తన. 65 లోపు చూసుకుంటే మోచేతికి కూడా మంచిది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మెత్తటి ఫ్రేమ్ తనంతట తాను బలం ఇవ్వదు, కొట్టేవాడే తెచ్చుకోవాలి. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచిన సానియా మీర్జా, సాకేత్ మైనేనిలను తలుచుకోండి. ఆమె ఫోర్‌హ్యాండ్, అతని సర్వ్ రెండూ సొంత బలంతో వచ్చేవే. మీ బంతులు ఎక్కువగా బేస్‌లైన్ దాటి పడుతుంటే మీకు కంట్రోల్ రాకెట్ కావాలి. సర్వీస్ లైన్ దగ్గరే చతికిలపడుతుంటే ఇంకా వద్దు, ముందు స్వింగ్ పెంచుకోండి.

బరువు దగ్గర చాలామంది మోసపోతారు, ఎందుకంటే ఫ్రేమ్ మీద ఉండేది తీగలు కట్టని బరువు. 305 గ్రాముల రాకెట్‌కి తీగలు 16 గ్రాములు, ఓవర్‌గ్రిప్ 5 గ్రాములు కలిపితే చేతిలో ఉండేది 326. బంతి బరువు 56 నుంచి 59.4 గ్రాములు. అది పక్కకి తగిలినప్పుడు తేలిక రాకెట్ చేతిలో గిర్రున తిరుగుతుంది, బరువున్నది నిలబడుతుంది. ఇంతవరకూ 270 గ్రాములతో ఆడినవాళ్లకి 300–305 సరైన మెట్టు. జొకోవిచ్‌ది 95 సైజు, తీగలు కట్టాక 350 గ్రాముల పైమాటే. అది చూసి కొనుక్కుంటే మూడో సెట్‌లో చెయ్యి లేవక స్వింగ్ ఆలస్యమవుతుంది, బంతి ఎటో పోతుంది.

తీగల అల్లిక కూడా అంకెల్లోనే ఉంటుంది. 16×19 అంటే 304 కూడళ్లు, 18×20 అంటే 360. దట్టంగా ఉన్నకొద్దీ తీగలు తక్కువ కదులుతాయి, బంతి తిన్నగా పోతుంది, కానీ టాప్‌స్పిన్ తగ్గుతుంది. నెట్ మధ్యలో 91 సెంటీమీటర్ల ఎత్తు. దాని మీదుగా ధారాళంగా లేపి బంతిని లోపల దించేది టాప్‌స్పినే. అందుకే ఎదుగుతున్న ఆటగాడికి నేను 16×19నే చెబుతాను.

ఇక గట్టింగ్, అంటే తీగలు కట్టించడం. రాకెట్‌కి వేలు పోసి గట్టింగ్‌కి వందలు లెక్కపెట్టుకునేవాళ్లని చూస్తే బాధేస్తుంది. బంతికి తగిలేది తీగలే, ఫ్రేమ్ కాదు. పాలియెస్టర్ తీగలు తెగకపోయినా కొద్ది వారాల్లోనే బిగువు వదిలేస్తాయి. అప్పుడు అదే స్వింగ్‌కి బంతి పొడుగ్గా పోతుంది, కుర్రాడేమో తన ఫోర్‌హ్యాండ్ చెడిపోయిందని కుమిలిపోతాడు. వారానికి ఎన్నిసార్లు ఆడతారో ఏడాదికి కనీసం అన్నిసార్లు గట్టింగ్ మార్చాలన్నది పాత లెక్క. పాలియెస్టర్ అయితే అది కూడా చాలదు. బిగువు 50 పౌండ్ల దగ్గర మొదలుపెట్టి, బంతి పొడుగు పోతుంటే రెండు పౌండ్లు పెంచండి. మోచెయ్యి సలుపుతుంటే పాలియెస్టర్ మానేసి మెత్తటి మల్టీఫిలమెంట్ తీగలు వేయించండి. సముద్రపు చెమ్మ గాలికి నేచురల్ గట్ ఉబ్బి పాడవుతుంది కాబట్టి మన తీరానికి అది ఖర్చు దండగ. ఎండలో నిలిపిన కారులో రాకెట్ వదిలేస్తే ఏ తీగలకైనా బిగువు పోతుంది.

ఉక్కపోతలో పిడి జారితే పైన చెప్పిన లెక్కలన్నీ వృథా. ఓవర్‌గ్రిప్ పిడి సైజుని దాదాపు అర మెట్టు పెంచుతుంది. రెండు సైజుల మధ్య ఊగుతుంటే చిన్నది కొని పైన చుట్టుకోండి, చెమటకి తడిసిన ప్రతిసారీ మార్చండి.

పేర్లు అడుగుతారు కనుక చెబుతున్నాను: విల్సన్ బ్లేడ్ 98 (16×19, 305 గ్రాములు), బాబొలాట్ ప్యూర్ స్ట్రైక్ 98 (305), హెడ్ రాడికల్ ఎంపీ (98, 300), యోనెక్స్ పర్సెప్ట్ 100 (300). మోడల్ పాతదైతే ధర బాగా తగ్గుతుంది, ఆటలో తేడా అంతగా తెలియదు. రెండింటి మధ్య తేలకపోతే తేలికది తీసుకోండి. ఆర్నెల్లకి చెయ్యి బలపడ్డాక తలకి రెండు పక్కలా ఒకటిన్నర గ్రాము చొప్పున లెడ్ టేప్ అంటిస్తే రాకెట్ పక్కకి తిరగడం తగ్గుతుంది. నచ్చకపోతే పీకేయొచ్చు.