మా తర్వాత మా బిడ్డకు ఎవరు?

మన సంఘాలలో ఎవరూ పైకి చెప్పని ప్రార్థన ఒకటి ఉంది. డెబ్బై దాటిన తల్లి, నలభై ఏళ్ల కొడుకు చేయి పట్టుకొని వెనక వరుసలో కూర్చుంటుంది. అతనికి అన్నం కలిపి పెట్టాలి, స్నానం చేయించాలి, రోడ్డు దాటించాలి. ఇంట్లో ఒంటరిగా మోకరించినప్పుడు ఆమె అడిగేది ఒక్కటే: "ప్రభువా, నాకంటే ఒక్క రోజు ముందు వీణ్ణి తీసుకుపో." ఆమెకు ప్రేమ తక్కువై ఆ మాట రాలేదు. తన తర్వాత వాడికి ఎవరూ కనబడక వచ్చింది.

బుద్ధిమాంద్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ వంటి వైకల్యాలున్న బిడ్డలను పెంచుతున్న చాలా ఇళ్లలో ఇదే భయం. ఇలాంటి కుటుంబాల కోసం ప్రభుత్వం చేసిన ఏర్పాట్లు కొన్ని ఉన్నాయి. అవి చాలవన్నది నిజమే. అయితే ఉన్నవాటి సంగతి కూడా తెలియక వదులుకుంటున్నవారు మన మధ్యనే ఉన్నారు. వాటిని ఒకచోట చేర్చి చెప్పడమే ఈ వ్యాస ఉద్దేశం.

మెఫీబోషెతుకు దావీదు చేసిన ఏర్పాటు

రెండవ సమూయేలు గ్రంథంలోని మెఫీబోషెతు సంగతి మనకు తెలిసినదే. అయిదేళ్ల వయసులో దాది చేతిలోనుండి పడి రెండు కాళ్లూ కుంటివైనవాడు. దావీదు అతణ్ణి లోదెబారు నుండి పిలిపించి మూడు పనులు చేశాడు. తాత సౌలు భూములు తిరిగి ఇప్పించాడు. తన బల్లయొద్దే భోజనం చేస్తూ యెరూషలేములో ఉండే ఏర్పాటు చేశాడు. ఆ భూమిని సాగుచేసి పంట తెచ్చే బాధ్యతను సీబాకు అప్పగించాడు. అంటే జీవనానికి రాబడి, ఉండడానికి చోటు, వ్యవహారం చూడడానికి మనిషి.

ఈ మూడూ వేర్వేరు సంగతులు. మనం వాటిని కలిపేసి, "తమ్ముడున్నాడుగా, చూసుకుంటాడు" అనే ఒక్క మాటతో సరిపెట్టుకుంటాం. పింఛను ఉన్నా ఇల్లు లేకపోవచ్చు. ఇల్లున్నా సంతకం పెట్టే హక్కు ఎవరికీ లేకపోవచ్చు. ఒక్కొక్కదానికి వేరే కార్యాలయం, వేరే కాగితం అవసరం. అందుకే మూడింటినీ విడివిడిగా చూద్దాం.

మొదట కావలసిన కాగితం

అన్నిటికీ ఆధారం వైకల్య ధృవీకరణ పత్రం. మన రెండు రాష్ట్రాలలో సదరం సర్టిఫికెట్ అని పిలిచేది ఇదే. దానితోపాటు దేశమంతటా చెల్లే యూడీఐడీ కార్డు కూడా తీసుకోవాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు ధృవీకరణ ఉంటే చాలా ప్రయోజనాలకు అర్హత వస్తుంది.

బిడ్డ చిన్నప్పుడు తీసుకున్న పత్రంతో ఇంకా నెట్టుకొస్తున్నవారు దాని గడువు ఎంతవరకు ఉందో చూసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో వైకల్య పింఛన్లను మళ్లీ పరిశీలించినప్పుడు చాలా కుటుంబాలు ఆందోళన పడ్డాయి. పాత వైద్య నివేదికలు, పరీక్షల కాగితాలు ఒక ఫైలులో భద్రపరిస్తే అలాంటి సమయంలో అవే అక్కరకు వస్తాయి.

రాబడి ఎక్కడినుండి?

పింఛను అందరికీ తెలిసినదే. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుండి వికలాంగులకు నెలకు 6,000 రూపాయలు ఇస్తున్నారు. పక్షవాతం వల్ల మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి, తీవ్రమైన కండరాల క్షీణత ఉన్నవారికి అది 15,000. తెలంగాణలో ఆసరా పింఛను 2023లో 4,016 రూపాయలైంది. సామాజిక భద్రత పథకాలలో ఇతరులకు ఇచ్చేదానికంటే వికలాంగులకు కనీసం 25 శాతం ఎక్కువ ఇవ్వాలని 2016 చట్టంలోని 24వ సెక్షన్ చెబుతోంది.

తక్కువమందికి తెలిసిన మేలు మరొకటి ఉంది. అది కుటుంబ పింఛను. తల్లిగాని తండ్రిగాని కేంద్ర ప్రభుత్వ ఉద్యోగిగానో రైల్వేలోనో పనిచేసి పింఛను పొందుతున్నట్లయితే, వైకల్యం వల్ల సంపాదించుకోలేని కుమారునికి లేదా కుమార్తెకు వారి తర్వాత జీవితాంతం కుటుంబ పింఛను పొందే అవకాశం ఉంది. తల్లిదండ్రులు బ్రతికుండగానే బిడ్డ పేరు పింఛను పత్రాలలో నమోదు చేయించవచ్చు. ఈ పని వాయిదా వేస్తే తర్వాత ఆ బిడ్డ తరఫున కార్యాలయాల చుట్టూ తిరిగే ఓపిక ఎవరికుంటుంది? మన సంఘాలలో రైల్వే విశ్రాంత ఉద్యోగులు ఎందరో ఉన్నారు. రాష్ట్ర ప్రభుత్వంలో పనిచేసినవారు తమ శాఖ నిబంధనలేమిటో ఖజానా కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి.

వైద్యం ఖర్చులకు నేషనల్ ట్రస్ట్ నడిపే నిరామయ ఆరోగ్య బీమా ఉంది. ఇది ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవారికి మాత్రమే. ఏడాదికి లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది. ఇందులో చేరడానికి ముందస్తు వైద్య పరీక్షలు అడగరు. థెరపీ ఖర్చులకు కూడా కొంత పరిమితి మేరకు వర్తిస్తుంది. ఏటా రెన్యువల్ చేయించడం మరువకూడదు.

నీడ ఎక్కడ?

ఇక్కడ చట్టం ఏమంటున్నదో ముందు తెలుసుకోవాలి. వికలాంగులకు సమాజంలో అందరితో కలిసి జీవించే హక్కు ఉందని, ఫలానా చోటే ఉండాలని వారిని బలవంతపెట్టకూడదని 2016 చట్టంలోని 5వ సెక్షన్ స్పష్టం చేస్తోంది. కాబట్టి "ఎక్కడైనా హోంలో వేసేద్దాం" అనేది మొదటి ఆలోచన కాకూడదు. అవసరాన్నిబట్టి మార్గాలు ఇవి:

ఒకటి, సొంత ఇంట్లోనే ఉండడం. ప్రభుత్వ గృహ పథకాలలో, భూ కేటాయింపులలో తగిన వైకల్య ధృవీకరణ ఉన్నవారికి 5 శాతం కేటాయించాలని, అందులో స్త్రీలకు ప్రాధాన్యం ఇవ్వాలని 37వ సెక్షన్ చెబుతోంది. ఇంటి స్థలానికో ఇంటికో దరఖాస్తు చేసేటప్పుడు వైకల్య పత్రం జతచేసి ఈ కేటాయింపు సంగతి అడగాలి.

రెండు, పగలు మాత్రమే చూసుకునే కేంద్రాలు. నేషనల్ ట్రస్ట్ పథకాలైన దిశ, వికాస్ ఈ కోవలోవి. చిన్నపిల్లలకు దిశ, పదేళ్లు దాటినవారికి వికాస్. బిడ్డ అక్కడ పనులు నేర్చుకుంటుంటే తల్లికి పగలు కొంత ఊపిరి తీసుకునే సమయం దొరుకుతుంది.

మూడు, ఉండి జీవించే గృహాలు. సమర్థ్ అనే పథకం అనాథలైనవారికి, కష్టాలలో ఉన్న కుటుంబాల వారికి, పేద కుటుంబాల వారికి ఆశ్రయం ఇవ్వడానికి వచ్చింది. ఘరౌందా జీవితాంతం ఆశ్రయం, సంరక్షణ ఇవ్వడానికి వచ్చింది. తర్వాత ఈ రెండింటినీ కలిపారు. ట్రస్టులో నమోదైన స్వచ్ఛంద సంస్థలే వీటిని నడుపుతాయి. ఇలాంటి గృహాలు ప్రతి జిల్లాలో లేవు. ఉన్నచోట కూడా స్థలం పరిమితం. కాబట్టి తల్లిదండ్రులకు శక్తి ఉన్నప్పుడే విచారించి, వెళ్లి చూసి, కొన్ని రోజులు బిడ్డను అక్కడ ఉంచి అలవాటు చేయడం మంచిది. అమ్మ చనిపోయిన వారంలోనే కొత్త మంచం, కొత్త ముఖాలు, కొత్త తిండి అంటే ఆ బిడ్డ తట్టుకోగలడా?

మానసిక వ్యాధితో బాధపడేవారి విషయం వేరు. వారికి 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వర్తిస్తుంది. తీసుకువెళ్లేవారు లేరన్న కారణంతో ఎవరినీ ఆసుపత్రిలోనే ఉంచేయకూడదని, వారికోసం ప్రభుత్వం హాఫ్‌వే హోంలు, తోడుతో నివసించే ఇళ్లు ఏర్పాటు చేయాలని ఆ చట్టం చెబుతోంది.

ఏ గృహమైనా చేర్చేముందు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చూపించమని అడగండి. 2016 చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా వికలాంగుల సంస్థను నడపకూడదు. ఈ మాట మన సేవకులకు కూడా వర్తిస్తుంది. భారం కలిగి ఆశ్రమం తెరవడం మంచిదే. కాని రిజిస్ట్రేషన్, లెక్కలు, తగిన సిబ్బంది లేకుండా తెరిస్తే నష్టపోయేది నోరులేని ఆ బిడ్డలే. రాత్రివేళ ఎవరుంటారు, ఆడపిల్లల గదులు ఎలా ఉన్నాయి, చెప్పకుండా వచ్చి చూడనిస్తారా అనే ప్రశ్నలు అడగడం అవిశ్వాసమేమీ కాదు.

సంతకం ఎవరిది?

చాలామంది తల్లిదండ్రులు తడబడేది ఇక్కడే. బిడ్డకు 18 ఏళ్లు నిండితే చట్టం దృష్టిలో అతను పెద్దవాడు. బుద్ధి ఎదగకపోయినా సరే, ఆ రోజునుండి అమ్మానాన్నలు వాటంతటవే చట్టబద్ధమైన సంరక్షకులు కారు. బ్యాంకు ఖాతా దగ్గర, ఆస్తి రిజిస్ట్రేషన్ దగ్గర ఈ చిక్కు బయటపడుతుంది.

1999 నేషనల్ ట్రస్ట్ చట్టం దీనికి దారి చూపింది. పైన చెప్పిన నాలుగు వైకల్యాలలో ఏదైనా ఉన్నవారికి గార్డియన్‌ను నియమించే అధికారం జిల్లాలోని లోకల్ లెవల్ కమిటీకి ఉంది. అందులో జిల్లా కలెక్టరు, ట్రస్టులో నమోదైన ఒక సంస్థ ప్రతినిధి, వైకల్యం ఉన్న ఒక వ్యక్తి ఉంటారు. కోర్టుకు వెళ్లకుండానే తల్లిదండ్రులుగాని బంధువుగాని దరఖాస్తు చేయవచ్చు. కమిటీ ఇచ్చే సర్టిఫికెట్‌తో బ్యాంకు ఖాతా కూడా నడపవచ్చు. జిల్లా వికలాంగుల సంక్షేమ కార్యాలయంలో అడిగితే వివరాలు చెబుతారు.

చూపు లేనివారికి, నడవలేనివారికి, వినలేనివారికి ఇలాంటి గార్డియన్ అవసరం లేదు. వారి నిర్ణయాలు వారివే. వారి చేతిలోని వేలిముద్రను, పింఛను కార్డును ఇతరులు వాడుకోవడం ప్రేమ అనిపించుకోదు.

మెఫీబోషెతు కథలో తర్వాతి భాగాన్ని మనం తక్కువగా ధ్యానిస్తాం. అబ్షాలోము తిరుగుబాటు సమయంలో సీబా తన యజమానిని వదిలి ఒంటరిగా రాజు దగ్గరికి వెళ్లి, అతనిమీద నింద మోపి, ఆస్తి అంతా తన పేర పొందాడు. కుంటివాడైన మెఫీబోషెతు వెంటనే వెళ్లి తన మాట చెప్పుకోలేకపోయాడు. నమ్మి అప్పగించిన మనిషే మోసం చేయగలడు. అందుకే చట్టం గార్డియన్‌కు హద్దులు పెట్టింది. నియామకమైన 6 నెలల్లోపు ఆ వ్యక్తి ఆస్తుల జాబితా ఇవ్వాలి. ప్రతి ఆర్థిక సంవత్సరం ముగిసిన 3 నెలల్లోపు లెక్కలు సమర్పించాలి. హింసించినా, నిర్లక్ష్యం చేసినా తొలగించమని అడగవచ్చు.

ఆస్తి పంచేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త కావాలి. "అన్నీ అన్న పేర రాసేస్తాం, వీణ్ణి వాడే చూసుకుంటాడు" అనుకునే తల్లిదండ్రులున్నారు. అన్న మంచివాడే కావచ్చు. రేపు అతను అప్పుల పాలైతే? అతనే ముందు చనిపోతే? బిడ్డ వాటా బిడ్డ పేర ఉండేలా, దాన్ని ఎవరు ఎలా ఖర్చు చేయాలో తెలిసేలా వీలునామాగాని ట్రస్టు పత్రంగాని న్యాయవాది సలహాతో రాయించుకోవాలి.

సంఘం చేయగలిగింది

పింఛను ప్రభుత్వం ఇస్తుంది, గార్డియన్‌ను కమిటీ నియమిస్తుంది. అయితే ఆ బిడ్డకు అమ్మ తప్ప తెలిసిన మనిషి ఒక్కరైనా ఉండాలి. అది ఏ కార్యాలయమూ ఇవ్వలేదు. సంఘం ఇవ్వగలదు.

సంఘ పెద్దలు ముందుగా తమ సంఘంలో ఇలాంటి కుటుంబాలు ఎన్ని ఉన్నాయో తెలుసుకోవాలి. ఆరాధనకు రావడం మానేసినవారిలో వీరే ఎక్కువ ఉండవచ్చు. కంప్యూటరు తెలిసిన యవనస్థులు యూడీఐడీ, నిరామయ దరఖాస్తులు నింపిపెట్టవచ్చు. సదరం శిబిరానికి వెళ్లేరోజు ఒక ఆటో, ఒక తోడు ఏర్పాటు చేయవచ్చు. వారానికి రెండు గంటలు ఇద్దరు సహోదరీలు ఆ బిడ్డతో కూర్చుంటే తల్లి బ్యాంకుకో డాక్టరు దగ్గరికో వెళ్లి రాగలదు.

మరో చిన్న పని. ఆ తల్లి పక్కన కూర్చొని ఒక నోటుపుస్తకంలో రాయించండి. బిడ్డ ఏం తింటాడు, ఏ మందు ఎప్పుడు వేయాలి, దేనికి భయపడతాడు, ఏడిస్తే ఏ పాటకు ఊరుకుంటాడు, పత్రాలు ఏ బీరువాలో ఉన్నాయి. రేపు ఎవరు చూసుకున్నా ఆ పుస్తకం వారికి అమ్మ గొంతులా ఉంటుంది.

ఒక హెచ్చరిక కూడా. బిడ్డను చూసుకుంటామని చెప్పి ఇంటిని సంఘం పేర గాని కాపరి పేర గాని రాయించుకోవడం తగదు. సంఘం సాక్షిగా ఉండాలి, లెక్క అడగాలి, వెళ్లి చూస్తుండాలి. సీబా స్థానంలోకి వెళ్లకూడదు.

వచ్చే ఆదివారం ఆరాధన ముగిశాక వెనక వరుసలోని ఆ తల్లి దగ్గర కాసేపు ఆగండి. "అమ్మా, మీ అబ్బాయి సదరం సర్టిఫికెట్ ఎప్పటిది? గార్డియన్ కాగితం చేయించారా? రేపు మీతో కలెక్టరేటుకు మేము వస్తాం" అని చెప్పండి. తన బిడ్డ తనకంటే ముందు పోవాలని అడిగే తల్లి, తన తర్వాత కూడా వాడు నిశ్చింతగా బ్రతకాలని అడగగలిగే రోజు రావాలి. ఆమె ప్రార్థనను మార్చగల పనులు మన చేతులకు అందేంత దూరంలోనే ఉన్నాయి.