అంగడి మూసి ఆన్‌లైన్‌లో తెరవాలా? చిల్లర వ్యాపారం చుట్టూ అపోహలు – వాస్తవాలు

సంజామలలో బేరాలు పడిపోవాలంటే ఎక్కడో షేర్ మార్కెట్ కూలనక్కర్లేదు, శనగ ధర పడితే చాలు. అటు కోవెలకుంట్ల, ఇటు జమ్మలమడుగు నడుమ అంతా నల్లరేగడి. రబీలో శనగ వేస్తారు, అమ్ముడుపోయాక అంగళ్ళ బాకీలు తీరుస్తారు. 2025-26 రబీ మార్కెటింగ్ సీజన్‌కు కేంద్రం క్వింటాలుకు ప్రకటించిన మద్దతు ధర 5,650 రూపాయలు. కల్లం దగ్గర వ్యాపారి చెప్పే ధర అంతకు తగ్గినా, వాన ఎగ్గొట్టి దిగుబడి తగ్గినా, ఆ దెబ్బ బట్టల అంగడికీ ఫ్యాన్సీ అంగడికీ తగలకుండా ఉండదు.

2016 ఒక్క ఏడాదిలోనే నంద్యాల–ఎర్రగుంట్ల మార్గంలో ప్యాసింజర్ రైలు తిరగసాగింది, యూపీఐ మొదలైంది, జియో వచ్చింది, నవంబర్ 8న పెద్ద నోట్లు రద్దయ్యాయి. అప్పటి నుంచి గిరాకీ తగ్గినప్పుడల్లా అంగట్లో ఒకే చర్చ: "ఈ ఫోన్లొచ్చి మన బతుకులు చెడగొట్టినాయి." పక్కనే ఇంకో మాట: "మనమూ ఆన్‌లైన్‌లో పెడితే పోలా?" ఈ రెండింటిలోనూ నిజం కొంతే. మిగతాది ఒకరి నుంచి ఒకరికి పాకిన భ్రమ.

అపోహ: ఊరి అంగళ్ళను ఆన్‌లైన్ మింగేసింది

దేశంలో జరిగే చిల్లర అమ్మకాల్లో ఆన్‌లైన్ వాటా పదో వంతుకు కూడా చేరలేదు. ఈ అలవాటు మనకంటే ఎంతో ముందు మొదలైన అమెరికాలోనే అది నూటికి పదహారు దరిదాపుల్లో ఉంది. మిగతాదంతా అక్కడ కూడా అంగళ్ళలోనే అమ్ముడుపోతోంది.

అలాగని దెబ్బ తగల్లేదని కాదు, అది అందరికీ సమానంగా తగల్లేదు. ఫోన్లు, ఫోను కవర్లు, చెప్పులు, బ్యాగులు, రెడీమేడ్ బట్టలు, ఆడపిల్లల అలంకరణ సామాను అమ్మేవాళ్ళకు గట్టిగానే తగిలింది. విడి కందిపప్పు, ఇనుప సామాను, పశువుల దాణా అమ్మేవాళ్ళ గిరాకీ మాత్రం ఎక్కువగా పంటతోనే పెరుగుతుంది, పంటతోనే తగ్గుతుంది. సబ్సిడీ ఎరువైతే అంగట్లో ఈ-పాస్ యంత్రం మీద నమోదయ్యాకే ఇవ్వాలి.

ఇక మాంద్యంలో జనం కొనడం మానరు, చిన్న పొట్లానికి దిగుతారు. లీటరు నూనె కొనే ఇల్లు పావు లీటరుకు వస్తుంది, షాంపూ సీసా పోయి సాచెట్ వస్తుంది. ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్‌ను ఒక్కటే పంపితే కొరియర్‌కు గిట్టదు. ఆ ఐదు రూపాయల బేరం ఊరి అంగడిదే. చాలామంది దీన్ని చిన్నచూపు చూస్తారు కానీ, గడ్డు ఏడాదిలో అంగడి తెరిచి ఉండేది దీనివల్లే.

అపోహ: ఫోన్లో ధర ఎప్పుడూ తక్కువే

"ఏందన్నా, ఫోన్లో మూడు నూర్లకే వస్తాంటే నువ్వు నాలుగు నూర్లంటావు?" ఈ మాట వినని అంగడిదారు లేడు. జవాబుగా కోప్పడేవాళ్ళే తప్ప ఫోను తీసుకుని చూసేవాళ్ళు తక్కువ. చూడాలి. అది అదే సరుకా, అదే తూకమా, డెలివరీ చార్జీ ఎంత పడుతోంది? సబ్బులు, పప్పులు, డిటర్జెంట్ల దగ్గర ప్యాక్ సైజు మారుతుంది, కిలోకు లెక్కగడితే తేడా కరిగిపోతుంది. ఒక్కోసారి నిజంగానే తక్కువ ఉంటుంది. అప్పుడు ఒప్పుకోవడమే మేలు.

ఇంకో మాట కూడా వినిపిస్తుంది, "అమెజానోడే అమ్ముతాడు, వానికేం నష్టం" అని. మన చట్టం ప్రకారం విదేశీ పెట్టుబడితో నడిచే మార్కెట్‌ప్లేస్‌లు తమ సొంత సరుకు అమ్మకూడదు. అక్కడ అమ్మేది సూరత్‌లోనో, తిరుప్పూర్‌లోనో, బెంగళూరులోనో ఉన్న ఒక వ్యాపారి. అయితే అంగడివాళ్ళ ఫిర్యాదు ఉత్తదేమీ కాదు. భారీ డిస్కౌంట్లు, కొందరు అమ్మకందారులకే పెద్దపీట వేయడం లాంటి ఆరోపణలపై కాంపిటీషన్ కమిషన్ 2020 జనవరిలో అమెజాన్, ఫ్లిప్‌కార్ట్‌ల మీద దర్యాప్తుకు ఆదేశించింది.

అపోహ: కమిషన్ సున్నా అంటే అమ్మింది అమ్మినట్టు మిగులుతుంది

అన్నింటికంటే ఎక్కువమందిని ముంచింది ఇదే, కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం. మీషో 2021లో అమ్మకందారులకు కమిషన్ తీసేసింది. 300 రూపాయల లోపు ధర ఉన్న సరుకులకు అమెజాన్ 2025 ఏప్రిల్‌లో రిఫరల్ ఫీజు, అంటే తన కమిషన్, ఎత్తేసింది. ఈ వార్తలు వాట్సాప్‌లో చేరేసరికి "ఇంట్లో కూర్చుని లక్షలు" అయిపోయాయి. కమిషన్ పోయినా డెలివరీ ఖర్చు పోలేదు, ప్యాకింగ్, ప్రకటనల ఖర్చు పోలేదు, ఆ ఫీజుల మీద 18 శాతం జీఎస్టీ పోలేదు. అన్నిటికీ మించి రిటర్న్ పోలేదు.

ఒక చీర లెక్క వేద్దాం. అంకెలు ఉదాహరణకే, సరుకును బట్టి, బరువును బట్టి, దూరాన్ని బట్టి మారతాయి. చీర 400కు తెచ్చి 600కు పెట్టారు. అంగట్లో అమ్మితే 200 మార్జిన్. ఆన్‌లైన్‌లో డెలివరీ, ఇతర ఫీజులు కలిపి 100, కవరు, టేపు, లేబులు కలిపి 15 పోతే మిగిలేది 85. పది చీరలు పంపారు. ఏడు నిలిచాయి: 595. మూడు వెనక్కొచ్చాయి. ఒక్కోదానికి ప్యాకింగ్ 15, రిటర్న్ ఖర్చు 120, మొత్తం 405. చేతిలో మిగిలింది 190. ఆ మూడింట్లో ఒకటి మడత నలిగి, పసుపు మరకతో వచ్చింది. దాన్ని కొన్న ధరలో సగానికి వదిలించుకుంటే 200 నష్టం. పది చీరలు పంపిన మనిషికి చివరకు పది రూపాయలు చేతి నుంచి పడ్డాయి.

ఇది రిటర్న్‌లు ఎక్కువగా ఉండే సరుకు లెక్క. కొలత తేడా లేని, పగలని, రంగు ఫొటోలో ఒకటి చేతిలో ఒకటి అనిపించని సరుకైతే లెక్క తిరగబడుతుంది. డబ్బా పెద్దదై లోపల గాలి ఎక్కువుంటే మాత్రం మళ్ళీ జాగ్రత్త. కొరియర్ సంస్థలు చాలావరకు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగించి ఒక బరువు కడతాయి. అసలు బరువు, ఈ బరువు – ఏది ఎక్కువైతే దానికే చార్జీ. ప్లాస్టిక్ బుట్టలు అమ్మబోయి చాలామంది నష్టపోయేది ఇక్కడే.

ఇంకొకటుంది. అంగట్లో అమ్మితే డబ్బు ఆ నిమిషంలోనే వస్తుంది. ప్లాట్‌ఫామ్ మీద డెలివరీ అయి, ఆ తర్వాత కొన్ని రోజులు గడిస్తే గానీ ఖాతాలో పడదు. గడ్డుకాలంలో చిన్న వ్యాపారిని పడగొట్టేది నష్టం కంటే ముందు ఈ ఆలస్యమే. సరుకు రోడ్డు మీద ఉంటుంది, హోల్‌సేల్ అతను గుమ్మంలో ఉంటాడు.

"క్యాష్ ఆన్ డెలివరీ వచ్చి జనం చెడిపోయారు, తీసుకోకుండా తిప్పి పంపుతున్నారు" అని విసుక్కునేవాళ్ళు పెద్దవాళ్ళను అడగాలి. డబ్బు కట్టి విడిపించుకునే పోస్టాఫీసు వి.పి. పార్సిళ్ళు బ్రిటిష్ కాలంలోనే ఉన్నాయి, పార్సిల్ విడిపించుకోని మనుషులూ అప్పటి నుంచీ ఉన్నారు.

అపోహ: జీఎస్టీ లేకుండా ఆన్‌లైన్‌లో అమ్మనివ్వరు

2023 అక్టోబర్ 1 వరకు ఇది నిజమే. ఆ తేదీ నుంచి మారింది. సరుకుల టర్నోవర్ నిర్ణీత పరిమితి లోపున్న చిన్న వ్యాపారి (ఆంధ్రప్రదేశ్‌లో ఇది 40 లక్షలు) తన రాష్ట్రంలోపు కొనేవాళ్ళకు ప్లాట్‌ఫామ్ ద్వారా అమ్ముకోవచ్చు. పూర్తి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. పాన్‌తో జీఎస్టీ పోర్టల్‌లో ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుంటే చాలు. జీఎస్టీ కాంపోజిషన్ పథకంలో ఉన్నవాళ్ళకు కూడా రాష్ట్రంలోపు అమ్మకానికి అప్పటి నుంచే అనుమతి దొరికింది.

మెలిక "రాష్ట్రంలోపు" అనే చోట ఉంది. సంజామల నుంచి విజయవాడకు, తిరుపతికి పంపొచ్చు. మన పిల్లలేమో ఎక్కువమంది హైదరాబాద్‌లోనూ బెంగళూరులోనూ ఉన్నారు. 2014 జూన్ 2 నుంచి హైదరాబాద్ మనకు వేరే రాష్ట్రం. పన్ను పడే సరుకు అక్కడికి అమ్మాలంటే సాధారణంగా పూర్తి జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి, గడువు ప్రకారం రిటర్నులు వేయాలి. ఆడిటర్ ఫీజు కూడా పైన చెప్పిన చీర లెక్కలోకే వస్తుంది. రిజిస్ట్రేషన్‌కు ప్రభుత్వం ఫీజేమీ తీసుకోదు. చిన్న వ్యాపారాల ఉద్యమ్ నమోదు కూడా ఉచితమే. "చేయిస్తాం, వేలల్లో ఖర్చవుతుంది" అనేవాళ్ళు తీసుకునేది వాళ్ళ కూలీ.

తినే సరుకు అమ్మేవాళ్ళకు ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు తప్పనిసరి. ఇంట్లో పట్టిన పచ్చడైనా, పొడైనా.

అపోహ: ఫోన్‌పే బోర్డు పెడితే పన్ను నోటీసొస్తుంది

2025 జూలైలో కర్ణాటకలో వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ జమల ఆధారంగా చిన్న వ్యాపారులకు నోటీసులిచ్చింది. బెంగళూరులో చాలా అంగళ్ళు క్యూఆర్ కోడ్లు పీకేసి "నగదు మాత్రమే" అని రాసిపెట్టాయి. ఆ భయం ఇక్కడికీ పాకింది. పన్ను పడేది అమ్మకాల మీద. డబ్బు నోటుగా వచ్చిందా ఫోన్లో వచ్చిందా అన్నది కాదు ప్రశ్న. పరిమితి దాటితే నగదు వ్యాపారం కూడా రిజిస్టర్ కావాల్సిందే, లోపుంటే క్యూఆర్ కోడ్ వల్ల కొత్త పన్నేమీ రాదు. బ్యాంకు ఖాతా నుంచి చెల్లించే యూపీఐ మీద 2020 జనవరి నుంచి వ్యాపారికి చార్జీ కూడా లేదు. సొంత డబ్బూ, బంధువుల చేబదుళ్ళూ, అంగడి వసూళ్ళూ ఒకే ఖాతాలో వేసుకున్నవాళ్ళకే చిక్కు. వేరే ఖాతా తెరవండి, అంతే.

అపోహ: ఆన్‌లైన్ అంటే వెబ్‌సైట్, యాప్ ఉండాల్సిందే

మండల కేంద్రంలో బట్టల అంగడికి వెబ్‌సైట్ చేయించడం, నా లెక్కలో, పెళ్ళికి ముందే పురుడు సామాను కొనడం. అక్కడిదాకా వచ్చి చూసేదెవరు? వాట్సాప్ బిజినెస్ 2018లో మన దేశంలోకి వచ్చింది, ఉచితం. అందులో కేటలాగు పెట్టుకోవచ్చు, ధర రాసుకోవచ్చు. అంగడిదారు ఫోన్లో ఇప్పటికే ఉన్న నంబర్లలో సగం ఊరు విడిచి వెళ్ళినవాళ్ళవి. హైదరాబాద్‌లో ఉన్న కూతురు నొస్సంలో ఉన్న అమ్మకు చీర పంపాలనుకుంటుంది. ఆమె ఫోన్లో చూసి, అక్కడి నుంచే డబ్బు వేసి, "మా అమ్మకు ఇచ్చేయన్నా" అంటుంది. ఆ చీర పక్క ఊరికి బండి మీద వెళ్తుంది. రాష్ట్రం దాటదు, కొరియర్ ఉండదు, నచ్చకపోతే అమ్మే వచ్చి మార్చుకుంటుంది. ఆన్‌లైన్ అమ్మకం, ఊరి అంగడి – రెండింటి లాభమూ ఇందులో ఉంది. పార్సిల్ దూరం పోవాలంటే కోవెలకుంట్ల నుంచి ఆర్టీసీ కార్గో ఉంది, ఊళ్ళో పోస్టాఫీసు ఉంది.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. అంగట్లో విసుగ్గా అన్న మాట అక్కడే పోతుంది, వాట్సాప్‌లో రాసింది స్క్రీన్‌షాట్ అవుతుంది. 2025లో ఒక పచ్చళ్ళ వ్యాపారం కొనేవాళ్ళకు ఇచ్చిన దురుసు జవాబు వల్ల రోజుల్లోనే రాష్ట్రమంతా వీధిన పడింది. డబ్బు వేసినట్టు చూపించే దొంగ స్క్రీన్‌షాట్లూ ఉంటాయి. మీ ఖాతాలో పడిందో లేదో చూశాకే సరుకు ఇవ్వండి. డబ్బు అందుకోవడానికి పిన్ కొట్టనక్కర్లేదు. మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

అపోహ: గడ్డుకాలంలో అప్పులు పూర్తిగా ఆపేయాలి

ఆపేస్తే అంగడికీ ఫోనుకూ తేడా ఏముంది? పంట చేతికొచ్చేదాకా ఆగే అంగడి కాబట్టే రైతు అక్కడికి వస్తాడు. ఎవరికి ఎంతవరకు ఇవ్వొచ్చో, ఏ ఇంట్లో ఏ నెలలో డబ్బాడుతుందో ఏ యాప్‌కూ తెలియదు. తప్పు అప్పు ఇవ్వడంలో లేదు, రాయకుండా ఇవ్వడంలో ఉంది. సరుకు బాకీ మీద కోర్టుకు వెళ్ళడానికి లిమిటేషన్ చట్టం ఇచ్చే గడువు మూడేళ్ళు. గడువు లోపు బాకీ ఉన్నట్టు రాసి ఆసామి సంతకం చేస్తే, ఆ రోజు నుంచి మళ్ళీ మూడేళ్ళు. చాలా ఖాతా పుస్తకాల్లో తేదీ ఉంటుంది, మొత్తం ఉంటుంది, సంతకం ఉండదు. శనగలు అమ్మిన రోజుల్లో సగం కట్టి మిగతాది "వచ్చే కారుకు" అన్న ప్రతివాడితో ఆ పేజీ మీద సంతకం పెట్టించుకోండి. నొచ్చుకునేవాళ్ళు తక్కువే, నవ్వేవాళ్ళు ఎక్కువ.

ఆన్‌లైన్‌లో పెట్టాలనుకునే అంగడిదారులకు ఒక్క మనవి. ముందు అంగట్లో కదలని సరుకంతా అక్కడ పెట్టి వదిలించుకుందామని చూడకండి. ఇక్కడ కదలనిది అక్కడ రిటర్న్ అవుతుంది. పగలని, కొలత అక్కర్లేని, బరువు తక్కువున్న ఒక్క రకం ఎంచుకోండి. దాని కొన్న ధర, ప్యాకింగ్, డెలివరీ, వెనక్కొచ్చినవి, డబ్బు చేరిన తేదీ ఒక నోటుబుక్కులో రెండు నెలలు రాయండి. మిగులు కనిపిస్తే రెండో రకం చేర్చండి, లేకపోతే ఆపేయండి. ఆ రెండు నెలలూ అంగడి తెరిచే వేళ మాత్రం మార్చకండి.