ఫిరంగులు మూగబోయిన సాయంత్రం

తినడానికి తిండి లేదు. పొయ్యిలోకి కట్టె లేదు. అలాంటి ఊళ్లో జనం టికెట్లు కొనుక్కుని మరీ కచేరీకి వెళ్లారు! 1942 ఆగస్టు 9న లెనిన్‌గ్రాడ్‌లో (ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్) జరిగిందిది.

జర్మన్ సేనలు ఆ నగరాన్ని చుట్టుముట్టింది 1941 సెప్టెంబరులో. ఆ చలికాలంలో ఒక దశలో పిల్లలకూ వృద్ధులకూ దక్కిన రేషన్ రోజుకు 125 గ్రాముల రొట్టె. లక్షలమంది ఆకలితో చనిపోయారు. ఊరికి గర్వకారణమైన ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందాన్ని ప్రభుత్వం ముందే సైబీరియాకు తరలించింది. తెల్లటి స్తంభాలు, స్ఫటికపు షాండ్లియర్లతో వాళ్ల హాలు మాత్రం మిగిలింది.

మిగిలిన రేడియో ఆర్కెస్ట్రా పరిస్థితీ అంతంతమాత్రమే. కండక్టర్ కార్ల్ ఎలియాస్‌బర్గ్ వసంతంలో కబురుపెడితే వాయించగలిగే స్థితిలో వచ్చినవాళ్లు పదిహేనుమంది! బాకా ఊదేవాళ్లకు ఊపిరి చాల్లేదు. మొదటి రిహార్సల్ పావుగంటకే ఆగిపోయింది. వాయించాల్సిందేమో షోస్టకోవిచ్ తన సొంతూరికి అంకితమిచ్చిన ఏడో సింఫనీ. గంటకు పైగా సాగే ఆ సంగీతానికి వందమంది దాకా కావాలి. దాంతో సైన్యంలో వాద్యం తెలిసినవాళ్లను పంపించారు. అదనపు రేషనూ ఇచ్చారు. అయినా కచేరీ దాకా బతకనివాళ్లున్నారు.

ఆ సాయంత్రం కచేరీకి ముందే సోవియట్ ఫిరంగులు శత్రు స్థావరాలపై నిప్పులు కురిపించాయి. హాలు మీద ఒక్క గుండూ పడకూడదని! లోపల షాండ్లియర్లు వెలిగాయి. చిక్కిపోయిన ఒంటిమీద వదులైపోయిన మంచి బట్టలతో జనం కూర్చున్నారు. రాలేనివాళ్లు రేడియోలో విన్నారు. జర్మన్ల వైపూ లౌడ్‌స్పీకర్లు తిప్పారు. ప్రభుత్వానికి ఇందులో ప్రచారం ఉంది, నిజమే. కానీ నెలల తరబడి చావుల లెక్కలే విన్నవాళ్లకు నలుగురి మధ్యా కూర్చుని చప్పట్లు కొట్టడం ఎంత పెద్ద విషయం! చివర్లో ఓ చిన్నారి ఎలియాస్‌బర్గ్‌కు పూలగుచ్ఛం అందించింది... పూలతోటల్లో క్యాబేజీ పండించుకుంటున్న ఊళ్లో!

ముట్టడి 1944 జనవరి 27న పూర్తిగా తొలగింది. పాత బృందం తిరిగొచ్చింది, హాలు మళ్లీ వాళ్లదైంది. ఎలియాస్‌బర్గ్ మరుగున పడ్డాడు. సరిగ్గా ఇరవై ఏళ్లకు, 1964 జనవరి 27న, మిగిలిన వాద్యకారులను అదే హాల్లో కూడగట్టి ఆయన ఆ సింఫనీని మళ్లీ వినిపించాడు. శ్రోతల్లో షోస్టకోవిచ్ కూడా ఉన్నాడు.