గాదంకి రాడారు ఉత్తరపు చూపు

ఫాల్గుణ చైత్రముల సాయంసంధ్యవేళ, గుంటూరు ప్రకాశము సీమల కల్లములలో ఆరబోసిన మిరపకాయను రైతు కుప్పకు చేర్చి పట్టాలు కప్పుచుండగా, ఆతని తలపై సుమారు 300 కిలోమీటర్ల యెత్తున అయనావరణమందు కల్లోలము పుట్టుట కలదు. సూర్యుడు క్రుంకగనే క్రింది పొరలలోని యెలక్ట్రానులు అయానులతో కూడి వేగముగా క్షీణించును. పైపొర మాత్రము సాంద్రముగనే నిలుచును. తేలిక క్రిందను, బరువు పైనను ఉన్న యా స్థితి నిలుకడలేనిది గావున, నీటి యడుగునుండి నూనె తేలునట్లు విరళప్రదేశములు బుడగలై పైకి లేచును. వాని యందలి పెద్ద ముడతలు చిన్న ముడతలుగా చీలుచు, తుదకు రెండు మూడు మీటర్ల పరిమాణమునకు దిగును. భూమి అయస్కాంత బలరేఖల వెంబడి మాత్రము అవి ఏకిన దూదిపీచులవలె దక్షిణోత్తరముగ దీర్ఘములై యుండును. అయస్కాంత మధ్యరేఖపై లేచిన బుడగ యెంత యెత్తెక్కిన నంత దూరము మన సీమవైపు చాచుకొనును. ఉపగ్రహ సంకేతములు మిణుకుమిణుకుమనుట అందువలననే.

1938లో పెరూ దేశపు హువాంకాయోలో బుకర్, వెల్స్ అనువారు ఈ కలతను వర్ణించిరి. వాల్తేరున ఆచార్య బి. రామచంద్రరావుగారి శిష్యబృందము అయనావరణ చలనములను కొలిచెను. అయినను ఈ సన్నని ముడతలను చూడగల కన్ను తెలుగునేలకు 1990 దశకమున గాని కలుగలేదు.

తిరుపతి సమీపమున గాదంకిలో, కొండల నడుమ, 130 మీటర్ల చదరమున 1024 యాగీ ఆంటెనాలు సాళ్లుదీర్చి నాటబడినవి. సమీర్ సంస్థ నిర్మించిన ఆ రాడారు 1993 నాటికి పూర్ణశక్తితో పనిచేయసాగెను: పౌనఃపున్యము 53 మెగాహెర్ట్జ్, శిఖరశక్తి 2.5 మెగావాట్లు. గాలులను కొలుచుటకై పుట్టిన యంత్రమది. అందుకు నిట్టనిలువు చూపును, కొద్దిపాటి వాలును చాలును. అయనావరణమునకు చాలవు. పీచులను లంబముగ తాకిన తరంగమే మరలివచ్చును. అచ్చట బలరేఖ ఉత్తరముగ నేలలోనికి వంగియుండుటచే, పుంజమును శిరోబిందువునుండి ఉత్తరమునకు 13 మొదలు 15 డిగ్రీలవరకు వాల్చవలసివచ్చెను. పత్తిచేని గట్టుపై నడచువానికి ఒకానొక చోట నిలిచినప్పుడే సాళ్లన్నియు తీరుగా తెరచుకొనునట్లు, ఆ వాలునందే గగనపు సాళ్లు తెరచుకొన్నవి. నాకీ యంత్రముపై గల మక్కువ యంతయు ఆ వాలుపైననే. తరంగపు నిడివి 5.66 మీటర్లు, అందులో సగము, అనగా 2.8 మీటర్ల యెడముగల ముడతలనుండి మరలిన తరంగములే అడుగు కలిపి బలపడును, తక్కినవి పరస్పరము అణగారును.

తరువాత 30 మెగాహెర్ట్జ్ రాడారు ఒకటి అచ్చటనే వెలసి, తూర్పుపడమరలకు పుంజమును త్రిప్పుచు 5 మీటర్ల ముడతలను, బుడగలు తూర్పునకు తరలు తీరును గమనించుచున్నది. నడిరేయి దాటిన పిమ్మట సన్నని ముడతలు ముందుగా మాసిపోవును. బుడగ యింకను పైన నుండగనే రాడారు తెరపై ప్రతిధ్వని సన్నగిల్లి నిలిచిపోవును.