కొబ్బరి చెట్టు కింద రోవరు ఏం చెప్పుద్ది?

రీసర్వే అనగానే మన కోనసీమలో ముందు లేచేది గట్టు గొడవే. అమలాపురం కానీ, రాజోలు కానీ, కొత్తపేట కానీ, అన్నదమ్ముల మధ్య ఒక కొబ్బరి వరస ఎటు పోద్దో అన్నదే బెంగ. గొలుసు పోయి రోవరు వచ్చింది. 2020 డిసెంబరులో రాష్ట్రంలో మొదలైన రీసర్వేలో డ్రోన్లతో పాటు దీన్నే దింపారు. "పైనున్న ఉపగ్రహమే చెప్పింది కదా" అంటే రైతు నోరు మూసుకోవాల్సిందేనా? అక్కర్లేదండి.

ఇంతకీ అదెలా కొలుస్తాదంటే, జీపీఎస్ ఉపగ్రహం 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుద్ది. సిగ్నలు ఎప్పుడు బయల్దేరిందీ, ఎప్పుడొచ్చిందీ చూసి దూరం లెక్కేస్తారు. సెకనులో పదిలక్షల వంతు తేడా వస్తే 300 మీటర్లు తప్పే! దానికి తోడు గాలిపొరలు సిగ్నల్ని దారిలో ఆలస్యం చేస్తాయి. అందుకే ఫోన్లో చుక్క నాలుగైదు మీటర్లు అటూ ఇటూ ఆడుద్ది. రావులపాలెం దారి చూసుకోడానికి అది చాలు. గట్టుకి చాలదు. 40 మీటర్ల గట్టు ఐదు మీటర్లు జరిగితే దగ్గర దగ్గర ఐదు సెంట్లు, అంటే అర కుంచం.

దీనికి మందు, కదలని స్టేషను. తానెక్కడుందో కచ్చితంగా తెలిసిన చోట ఒక రిసీవరు రాత్రీ పగలూ సిగ్నలు వింటా ఉంటాది. కార్స్ అంటారు దాన్ని. సర్వే ఆఫ్ ఇండియా సాయంతో రాష్ట్రంలో వీటిని పెట్టారు. తన చోటు తనకి తెలుసు గనక, ఆ క్షణాన సిగ్నలు ఎంత తప్పు చెబుతోందో దొరికిపోద్ది. ఆ సవరణ మొబైల్ నెట్ మీద రోవరుకి వస్తాది. తప్పు రెండు మూడు సెంటీమీటర్లకి దిగిపోద్ది.

మరి చిక్కెక్కడ? మన తోటలోనే. ఆ సవరణ సరిచేసేది పైన జరిగిన తప్పుని. రోవరు నెత్తిమీద కొబ్బరి మట్టలు అడ్డుపడితే, సిగ్నలు మానుకి తగిలి చుట్టు తిరిగొస్తే, ఆ సంగతి ఎక్కడో ఖాళీ జాగాలో ఉన్న స్టేషనుకి ఏం తెలుస్తాది? డ్రోనుకీ అంతే, మట్టలు కనపడతాయిగానీ కింద గట్టు కనపడదు. వరిచేల లెక్క తోటకి అతకదని అందుకే అంటున్నా.

రోవరు తెరమీద "ఫిక్స్" అని పడితే సెంటీమీటర్ల లెక్క. "ఫ్లోట్" అని ఉంటే ఇంకా తేలలేదని. ఫ్లోట్‌లో ఉండగా రాయి పాతించుకోకండి. ఫిక్స్ రాకపోతే తోట బయట రెండు బిందువులు తీసి, అక్కణ్ణించి టోటల్ స్టేషన్తో లోపలి మూలలు కొలవొచ్చు. టైము పడుద్ది, పట్టనివ్వండి. సర్వేయరు గారొచ్చిన రోజు పక్కనే నిలబడి తెర చూపించమనండి. ఫిక్స్ వచ్చినా సరే, కాసేపాగి అదే మూల రెండోసారి కొలవమనండి. రెండు లెక్కలూ కలవకపోతే సంతకం పెట్టకండి.